వదిన పట్టిన తోపడ

మా వదిన పోయింది. మొన్న పొద్దున్న షెమాన్ గ్రెనియే చెరకు ఎస్టేటు నుంచి నేనుండే ఊరు మహేబోర్గ్‌కు తంతి వచ్చింది. ఎస్టేటు గుమాస్తా ఫ్రెంచిలో కొట్టించిన నాలుగు మాటలు. తపాలా జవాను దాన్ని బడి గుమ్మంలో నా చేతికిచ్చాడు. చదువుకోగలనని తెలిసినా నోటితో కూడా చెప్పడం మర్యాద అనుకున్నాడేమో, టోపీ తీసి, "మెత్, ఊ బెల్‌సేర్ ఫిన్ మోర్," అన్నాడు. మేష్టారూ, మీ వదిన చనిపోయిందని. పిల్లలు గుణింతం ఆపి నా మొహంలోకి చూశారు. నేను వాళ్లకు ఏం చెప్పానో గుర్తులేదు. బడి విడిచిపెట్టి ఇంటికి వెళ్లి మా ఆవిడతో చెబితే, ఆమె పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగేసి, "నేనూ వస్తాను," అంది.

మీలో ఆమెను ఎరిగినవారు తక్కువ. ఎరిగినవారిలో కొందరికి ఆమెను తలుచుకోవడం ఇష్టం ఉండదు. పదేళ్ల కిందట జ్వరాలు వచ్చినప్పుడు షెమాన్ గ్రెనియేలో ఎస్టేటు కూలీలుండే కాంపులో పోయినవాళ్లు చాలామంది ఆమె చేసిన పెట్టెల్లోనే మట్టిలోకి వెళ్లారు. అందుకే ఇష్టం ఉండదు. అందుకే నేను రాస్తున్నాను.

ముందు మా అన్న సంగతి చెప్పాలి. మా నాన్న చెరకు నరికిన కూలీ. అన్న మాత్రం ఎస్టేటు వడ్రంగుల వెనక తిరిగి పని పట్టుకున్నాడు. ఎస్టేటువాళ్లు ఇచ్చిన తోపడ అతని చేతికి సరిపడలేదు. తోపడ అంటే చెక్కను చిత్రిక పట్టి నునుపు చేసే పనిముట్టు. ఈ దీవిలో మాట్లాడే క్రియోల్‌లో రబో అంటారు. గాలివానకు పడిన చింతమాను చేవలోంచి మూరెడు ముక్క తీసి, ఏడాది నీడలో ఆరనిచ్చి, తనే ఒకటి చేసుకున్నాడు. మిల్లులో అరిగిపోయి పారేసిన ఆకురాయిని నూరి తోపడలో చెక్కను తెగ్గోసే ఇనుము చేశాడు. ఇనుము కదలకుండా చింతచెక్క చీల బిగించాడు. ముందువైపు అడ్డంగా ఒక పుల్ల పెట్టాడు, పెద్ద పలకలు పట్టేటప్పుడు రెండో మనిషి తాడు కట్టి లాగడానికి. ఆదివారాలు వదిన దాని అడుగున కొబ్బరినూనె రాసేది. పెళ్లయిన కొత్తలో ఆమెకూ ఆ తోపడకూ అంతే పరిచయం.

ఒక కోతకాలంలో మిల్లు రోలర్ల పక్కన పలక బిగించడానికి అన్నను పంపారు. యంత్రం ఆపామన్నారు. ఆపలేదు. కుడిచెయ్యి మణికట్టు దాకా నలిగిపోయింది. ఆసుపత్రి నుంచి గుడ్డ చుట్టిన మొండిచేత్తో తిరిగొచ్చినప్పుడు, దొర చెప్పమన్నాడని, కూలీల మీద పెత్తనం చేసే సిర్దారు వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఒంటిచేతి వడ్రంగి ఎస్టేటుకు అక్కర్లేదు. పెళ్లాం పొలంలోకి వస్తే గది ఉంచుకోవచ్చు. వదిన మర్నాటి నుంచి పొలంలోకి వెళ్లింది.

తర్వాత జరిగింది ఆమే నాకు చెప్పింది. ఒక సాయంత్రం ఆమె పొలం నుంచి వచ్చేసరికి అన్న ఎడమచేత్తో ఒక చెక్కను చిత్రిక పట్టాలని చూస్తున్నాడు. తోపడ ఎగిరెగిరి పడుతోంది. విసుగొచ్చి దాన్ని వాకిట్లోకి విసిరేశాడు.

"నాను తెచ్చి ముందర పెట్టాను బాబూ. మళ్లీ ఇసిరేశాడు. మళ్లీ తెచ్చాను. మూడోసారి నానే చెక్క మీద పెట్టి తోశాను. అది ఓ మూల దిగబడి కూకుంది. మీ అన్నకి నవ్వొచ్చింది. చెయ్యి పోయాక అదే మొదటి నవ్వు. ఇంకా తప్పు తోస్తే ఇంకా నవ్వుతాడేమో అనుకున్నాను."

అన్న ఎక్కువసేపు నవ్వలేదు. తాడు తెచ్చి ముందరి పుల్లకు కట్టి, అవతలి కొసను ఎడమచేతికి చుట్టుకుని, చెక్కను ఆనించే దిమ్మకు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఆమె తోసింది, అతను లాగాడు. అలా నేర్పాడు. ఇనుము నెత్తిన తడితే బయటికి వస్తుంది, తోపడ వెనక తడితే లోపలికి పోతుంది. చెక్క ఏ వైపు వాలి పెరిగిందో ఆ వైపే తొయ్యాలి. ఎదురు తోస్తే చీలుతుంది. "చెక్క తిడతా ఉంటే ఇనపడదా నీకు?" అని అరిచేవాడట. వినిపించడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత కళ్లు మూసుకుని కూడా వేలితో చెక్క వాలు చెప్పేది.

ఏడాది తిరిగేసరికి కాంపులో సగం గదుల తలుపులు వాళ్లిద్దరి చేతి పనే. పీటలు, పెట్టెలు, పిల్లల ఉయ్యాలలు. ఎవరికి ఏం కావాలన్నా వచ్చేవారు. అలా వస్తూనే వెనక మాటలూ అనుకునేవారు. అప్పట్లో నేను అదే కాంపులో ఉండి, గుడి పక్క పాకలో పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి. శనివారం భజన అయ్యాక పెద్దలు నన్ను పక్కకు పిలిచి, పనిముట్టు ఆడది పడితే ఊరికి అరిష్టం, నీ వదినకు నువ్వే చెప్పాలన్నారు. నాకూ తల కొట్టేసినట్టయింది. మర్నాడు వెళ్లాను.

"ఒదినా, గుళ్లో అందరూ నన్నే అడుగుతున్నారు. ఇంక ఒగ్గెయ్," అన్నాను.

ఆమె పలక చివరిదాకా తోసిగాని ఆగలేదు. పొర తెగి కింద పడ్డాక నావైపు చూసింది.

"అడిగినోళ్లు బియ్యం పంపుతారా బాబూ?"

"అది కాదు..."

"మరేటి? మీ అన్న చెయ్యి మిల్లు తినేసింది. ఇదిగో, ఇది ఆయన చెయ్యే అనుకోమను." అని తన కుడిచెయ్యి చాపి చూపించింది. అరచెయ్యంతా కాయలు కాసింది.

అవతల కొస నుంచి అన్న అన్నాడు, తాడు వదలకుండానే: "నువ్వు పిల్లలకి అచ్చరాలు దిద్దించుకోరా. ఇక్కడ తప్పులు దిద్దడానికి నానున్నాను."

టీ ఇస్తానంది. తాగకుండా వచ్చేశాను. కాంపులో వాళ్ల గదుల వరసకూ మా వరసకూ మధ్య వంద అడుగుల దూరం లేదు. అయినా ఎనిమిది నెలలు నేను ఆ గుమ్మం తొక్కలేదు.

అప్పుడు జ్వరాలు వచ్చాయి. ఓడలో వచ్చాయన్నారు. మొదట పోర్ లూయీ రేవులో అన్నారు, తర్వాత స్టేషన్ల వెంట అన్నారు, తర్వాత ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే మా కాంపులోనే ఒక్కరోజులో ముగ్గురు పోయారు. పొలాల్లో చెరకు నరికేవాళ్లు లేరు. ఎస్టేటులో మిగిలిన ఇద్దరు వడ్రంగుల్లో ఒకడు పోయాడు, ఇంకొకడు బ్రిజే వెర్దియేర్‌లో ఉన్న తనవాళ్ల దగ్గరికి పారిపోయాడు. ఒంటిచేతి వడ్రంగి అక్కర్లేదన్న సిర్దారే మూతికి గుడ్డ కట్టుకుని అన్న గుమ్మంలోకి వచ్చాడు. పెట్టెలు కావాలన్నాడు. చెక్క కోసం విరిగిన బళ్ల పలకలు, గోదాములో సామాను వచ్చిన పెట్టెలు తెచ్చి వాకిట్లో పడేశారు.

పెట్టెల పని మొదలైన నాలుగోరోజున అన్న జ్వరంతో పడ్డాడు. ఏడోరోజు మధ్యాహ్నం పోయాడు. చివరిగా అతనన్న మాట, "ఇనుము నూరి పెట్టు," అని. ఆమె నూరి పెట్టింది. అతని పెట్టె ఆమె ఒక్కతే చేసింది, తాడు లాగేవాళ్లు లేక. పదకొండు రోజులు ఏదీ ముట్టకూడదని చెప్పాల్సిన పూజారి తనే జ్వరంతో పడి ఉన్నాడు. గాజులు తీయించే పెద్ద ఆడవాళ్లు ఎవరూ లేవలేని స్థితి. ఆమే గాజులు తీసి గూట్లో పెట్టి, మళ్లీ దిమ్మ దగ్గరికి వెళ్లింది. వాకిట్లో అప్పటికే ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు.

అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు, దానికీ జ్వరం తగిలింది. తెల్లవారి ఎండ గదిలోకి వచ్చాక పోయింది. నా భార్య బిడ్డను ఒళ్లోంచి దించనంది. నేను బయటికి వచ్చి, ఆ వంద అడుగులూ నడిచి, వదిన వాకిట్లో నిలబడ్డాను. తోపడ పట్టొద్దని చెప్పడానికి ఆ రోజు ఇదే చోట నిలబడ్డాను.

ఆమె నన్ను చూసి తోపడ పక్కన పెట్టింది. ఆ చూపులోనే అడిగింది, నేను తల ఊపాను. ఎంత పొడుగో చెప్పబోయి చేతులు చాపాను.

"కొలతొద్దు," అంది. "దీపాల పండగకి దానికి తలంటింది నాను కాదేటి."

చెక్కలు ఏరింది. విరిగిన వాటిలోంచి చిన్నవి, కాని పగుళ్లు లేనివి ఏరడానికి చాలాసేపు పట్టింది. ఒకదాన్ని దిమ్మ మీద బిగించి, తాడు తీసి నా చేతికిచ్చింది.

"పట్టు. నా చేతుల్లో బలం నేదు."

అప్పుడు చూశాను, రెండు చేతులకూ గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. గుడ్డలోంచి నెత్తురు ఊరుతోంది. అన్న కూర్చునే చోట కూర్చుని తాడు చేతికి చుట్టుకున్నాను. ఆమె తోసింది, నేను లాగాను. మొదట్లో ఇద్దరి ఊపూ కలవలేదు. "గట్టిగా కాదు. నాతోపాటు," అంది. ఒకసారి నా కళ్లలోంచి నీళ్లు పలక మీద పడ్డాయి. ఆమె ఆగి కొంగుతో ఆ తడి అద్దింది.

"ఏడవాలంటే అటు తిరిగి ఏడు బాబూ. చెక్క తడిస్తే ఇనుం పట్టదు."

అటు తిరిగి ఏడ్చాను. తర్వాత మళ్లీ లాగాను.

ఒకవైపు అయిపోయాక పలక తిరగేసింది. ఇంకా ఎందుకన్నాను. రెండోవైపు లోపలికి పోతుంది, ఎవరూ చూడరు. ఆమెకు అలసటతో గొంతు కూడా సరిగా రావడం లేదు. "బయట మనకి. లోపల తను పడుకోదా?" అంది.

ఆమె చేసిన ప్రతి పెట్టెకూ అంతేనని తర్వాత తెలిసింది. వరసగా నలుగురైదుగురు పోయిన రోజుల్లో సిర్దారు వచ్చి, ఊరికే మేకులు కొట్టి ఇచ్చెయ్, మట్టిలోకి పోయేదే కదా అన్నాడట. బయటివైపు కావాలంటే మానేస్తానంది. లోపలివైపు మానలేదు. పక్క వరసలో బండి తోలేవాడి ఇద్దరు కొడుకులు ఒక్కవారంలో పోయారు. ఇద్దరికీ ఆమే చేసింది. రెండో పిల్లవాడి పెట్టె తనే మోసుకుని వెళ్లి ఇచ్చిందట, తీసుకెళ్లడానికి ఆ ఇంట్లో లేచి నడవగలిగినవాళ్లు లేక.

జ్వరాలు తగ్గాయి. ఎలా వచ్చాయో అలాగే పోయాయి. మిగిలినవాళ్లం మళ్లీ పొలాల్లోకి, బడిలోకి వెళ్లాం. అప్పుడు మొదలైంది వదిన కష్టం.

ఒక ఇంట్లో బిడ్డ పుడితే ఆమె ఎప్పటిలాగే ఉయ్యాల చేసి పట్టుకెళ్లింది. ఆ ఇంటి ముసలమ్మ దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. కొన్నాళ్లు వాకిట్లో ఉంది, తర్వాత అందులో మేకలకు గడ్డి వేసుకున్నారు. పీట కావాలని, తలుపు వదులైందని వచ్చేవారు రావడం మానేశారు. ఆ చేతి సామాను ఇంట్లో ఉంటే ఇంకొకరు పోతారని ఎవరో అన్నారు, అది అందరి మాటైంది. ఆమె ఎదురైతే దారి మారేవారు. బండివాడి భార్య అయితే, వదిన వీధిలో కనబడగానే తలుపు వేసేసుకునేది.

ఒకసారి నా ఎదుటే అలా జరిగింది. నాకు కోపం వచ్చింది. వదిన నవ్వింది.

"ఏసుకోనీ బాబూ. నన్ను చూస్తే ఆ పిల్లలు కళ్ల ముందరికొస్తారు దానికి. ఆ తలుపు నాను చిత్రిక పట్టిందే. బాగా పడతాది."

ఎస్టేటు గోదాముకు మాత్రం ఆమె చేతి పని కావలసివచ్చింది. పారలకు, గొడ్డళ్లకు పిడులు. వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఎవరు చేశారని అడగలేదు కనుక. పొద్దుటిపూట పొలం, సాయంత్రం పిడులు. ఒక్కతే కనుక తాడు తీసేసింది.

నేను ఆమెకు చేసింది ఏమీ లేదని ఒప్పుకోవాలి. అమ్మాయి పోయిన గదిలో ఉండలేనని నా భార్య అంటే, మహేబోర్గ్‌లో ఆమె పుట్టింటివాళ్ల దగ్గరికి వచ్చేశాం. ఇక్కడి గుడిలో, బడిలో పని దొరికింది. వదినను చూడటానికి రెండేళ్లు వెళ్లలేదు. వెళ్లలేకపోయాను అని మొదట రాశాను. కొట్టేశాను.

మాకు అబ్బాయి పుట్టాడని ఎవరో చెబితే ఆమే వచ్చింది. కొంతదూరం రైల్లో, కొంతదూరం నడిచి, నెత్తిన మూటతో. మూటలో చిన్న పీట ఉంది, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి నీళ్లు పోయడానికి. దాని అంచులన్నీ గుండ్రంగా తీసింది, ఒళ్లు గీసుకోకుండా. నా భార్య దాన్ని రెండు చేతులా అందుకుంది. పెరటివైపు వెళ్లి చూరు కింద పెట్టి వచ్చింది. నేనూ వదినా అది చూశాం. నాకు నేలలోకి కుంగిపోయినట్టయింది.

"వాన తగలని చోట పెట్టావు. మంచిదే," అంది వదిన. పిల్లవాణ్ణి ఎత్తుకోనా అని అడగలేదు. అన్నం తిని, మర్నాటి దాకా ఉండమంటే పొలం పనుందని, ఎండ వాలకముందే బయల్దేరింది. ఆమె వీధి మలుపు తిరిగాక నా భార్య గోడకు ఆనుకుని ఏడ్చింది. పీట మాత్రం లోపలికి తేలేదు.

ఆఖరిసారి నేను షెమాన్ గ్రెనియే వెళ్లింది ఆరు నెలల కిందట. వదినకు యాభై దాటలేదు గాని దగ్గుతో వంగిపోయింది. దిమ్మ దగ్గరే కూర్చుని ఉంది. తోపడ నా చేతిలో పెట్టింది. ఇనుము నూరి నూరి బొటనవేలంత మిగిలింది. అడుగు అరిగి, ఇనుము బయటికొచ్చే నోటి దగ్గర కొత్త చెక్కముక్క అతికించి ఉంది. "దీనికీ నాకూ ఒక్కసారే అయిపోయేలాగుంది," అని, "నీ కూతురి పలకలప్పుడు నువ్వు బాగా లాగావు. మీ అన్న కన్నా బాగా," అంది. పదేళ్లలో మేం ఆ మాట ఎత్తడం అదొక్కసారే. అప్పుడైనా నేను చెప్పవలసింది ఉంది, ఆ రోజు టీ తాగకుండా వచ్చేసినందుకైనా. తోపడ తిరిగి ఆమె ఒళ్లో పెట్టి, బండి వేళైందని లేచాను.

ఇప్పుడది నా దగ్గర ఉంది. దాన్ని పట్టడం నాకు రాదు.

మొన్న పంచదార బస్తాలు దించి తిరిగి వెళ్తున్న లారీలో నేనూ నా భార్యా వెళ్లాం. దారంతా వాన. మేం వెళ్లేసరికి గదిలో ఆమెను కడిగి పడుకోబెట్టి ఉంచారు. పక్కింటి క్రియోల్ ఆవిడ, చాకలి పని చేసుకునే ముసలావిడ, ఒక్కతే కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. మూడు రోజులు గంజి పట్టింది తనేనట. నా చెయ్యి పట్టుకుని, "లీ పా తి సూల్," అంది. ఒంటరిగా పోలేదులే అని. పెట్టె పక్కనున్న సూయాక్ నుంచి కొని తెచ్చారు. దాని పని గురించి ఏమీ చెప్పను.

మోయడానికి నలుగురు కావాలి. నేను, గుడి పూజారి, సిర్దారు కొడుకు, ఇంకెవరూ లేరే అనుకుంటుండగా, బండివాడు వచ్చి నాలుగో కొమ్ము పట్టాడు. నా మొహం చూడలేదు. గదుల వరస మధ్యనుంచి వెళ్తుంటే తలుపులన్నీ దగ్గరగా వేసి ఉన్నాయి. మన ఆడవాళ్లు శ్మశానానికి రారు కనుక, చెరకు తోటల్లోకి బాట తిరిగే చోట నా భార్య ఆగిపోయింది. గొడుగు లేదు. కొంగు నెత్తిన కప్పుకుని, మేం కనబడేంత దూరం మమ్మల్నే చూస్తూ ఒక్కతే నిలబడింది.

మట్టి తడిసి బరువెక్కింది. పని అయ్యేసరికి చాలాసేపు పట్టింది. పూజారి మంత్రం వానలో నాకు సగమే వినిపించింది.

తిరిగి వస్తుంటే బాట మలుపు దగ్గర ఏదో గుంపు కనిపించింది. దగ్గరికి వచ్చాక తెలిసింది, ఆ తలుపులు వేసుకున్న కాంపు ఆడవాళ్లు. ఇరవైమంది ఉంటారో, ఎక్కువ ఉంటారో. ఎప్పుడు వచ్చారో, ఎవరు ముందు వచ్చారో తెలియదు. నా భార్య వాళ్ల మధ్యలో ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని బండివాడి భార్య ఉంది. ఎవరూ ఏడవడం లేదు. మేం పక్కనుంచి నడిచి వెళ్లినా కదలలేదు. కొంతదూరం పోయాక వెనక్కి తిరిగి చూశాను. చీరల అంచులనుంచి నీళ్లు కారుతున్నాయి, పాదాల చుట్టూ ఎర్రమట్టి కరిగిపోతోంది, ఇంటివైపు మొదటి అడుగు ఎవరూ వెయ్యలేదు.